తగ్గింపు (వినయం), పరిచర్య (సేవ): తరచుగా అడిగే ప్రశ్నలు

తగ్గించుకోవడం అంటే నేను పనికిరానివాణ్ణని అనుకోవడమా?

కాదు. రోమీయులకు 12:3లో పౌలు తనను తాను ఎంచుకోదగినదానికంటే ఎక్కువగా ఎంచుకోవద్దన్నాడు. ఆ వాక్యంలోనే స్వస్థబుద్ధితో ఎంచుకోమనీ అన్నాడు. అంటే మనల్ని మనం సరిగ్గా అంచనా వేసుకోవాలి. ఎక్కువ వేసుకోవడం ఎంత తప్పో, కావాలని తక్కువ వేసుకోవడమూ అంతే తప్పు. పాట బాగా వచ్చినవాళ్లు "నాకేమీ రాదండీ" అంటే అది అబద్ధం. పైగా నలుగురు చేరి "అలా అనకండి, మీరే పాడాలి" అని బతిమాలాల్సి వస్తుంది. చివరికి అందరి దృష్టీ మళ్లీ ఆ మనిషి మీదే పడుతుంది.

సంఖ్యాకాండం 12:3 మోషేను భూమి మీద అందరికంటే సాత్వికుడంటుంది. ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలబడి ప్రజల్ని పంపమని అడిగింది కూడా ఆ మోషేనే. సాత్వికం ఉన్నవాళ్లు మాట్లాడలేరని, నిర్ణయాలు తీసుకోలేరని అనుకోవడానికి బైబిల్లో ఆధారం దొరకదు.

యేసు శిష్యుల పాదాలు కడిగిన సంఘటన నుంచి ఏం నేర్చుకోవాలి?

యోహాను 13:4-5ను నెమ్మదిగా చదవండి. భోజనం మధ్యలో లేచాడు, పైవస్త్రం తీసి పెట్టాడు, తువాలు నడుముకు కట్టుకున్నాడు, పళ్లెంలో నీళ్లు పోశాడు, కడిగాడు, తుడిచాడు. ఒక్కో పనీ విడిగా రాసి ఉంది. ఎవరికీ పురమాయించలేదు. కడిగి వదిలేయకుండా తడి కూడా తనే తుడిచాడు. సగంలో వదిలిన సాయం ఎదుటివాళ్లకు ఇంకో పని తగిలిస్తుంది. వంట చేసిపెట్టి గిన్నెలు అలాగే వదిలి వెళ్లినవాళ్లు తాము సాయం చేశామనుకుంటారు, ఇంటివాళ్లు మాత్రం రాత్రి పదింటికి గిన్నెలు తోముతుంటారు.

రెండో విషయం, ఆ రాత్రి ఏం జరుగుతోందన్నది. లూకా 22:24 ప్రకారం తమలో ఎవరు గొప్ప అని శిష్యులు వాదించుకున్నది కూడా ఆ బల్ల దగ్గరే. మూడోది, యేసును అప్పగించిన యూదా బయటికి వెళ్లింది యోహాను 13:30లో. కాబట్టి పాదాలు కడిగినప్పుడు అతనూ అక్కడే ఉన్నాడు. అర్హత చూసి సేవ చేయాలనే వాదన ఆ గదిలోనే ఆగిపోతుంది.

పాదాలు కడగడాన్ని ఈ రోజుల్లో అక్షరాలా ఆచరించాలా?

క్రైస్తవ సంఘాల్లో దీని మీద ఏకాభిప్రాయం లేదు. సెవెంత్ డే అడ్వెంటిస్టులు ప్రభు భోజనానికి ముందు దీన్ని క్రమంగా చేస్తారు. మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖవారి 1632 నాటి డోర్‌డ్రెక్ట్ విశ్వాస ప్రమాణంలో దీనికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. కాథలిక్ సంఘంలో ఇది పవిత్ర గురువారం (ఈస్టర్‌కు ముందు గురువారం) ఆరాధనలో భాగం, 2016 నుంచి స్త్రీల పాదాలు కడగడానికీ అనుమతి ఉంది. చాలా ప్రొటెస్టెంట్ సంఘాలు దీన్ని మాదిరిగా తీసుకుంటాయి గానీ ఆచారంగా పెట్టుకోవు. 1 తిమోతి 5:10 పరిశుద్ధుల పాదాలు కడగడాన్ని పిల్లల్ని పెంచడం, అతిథుల్ని ఆదరించడం, కష్టాల్లో ఉన్నవాళ్లకు సాయపడడం లాంటి పనుల వరుసలో పెట్టింది. మా దృష్టిలో ఇది ముఖ్యమైన ఆధారం: ఆచారం ఉన్నా లేకపోయినా, అలాంటి పనులు మాత్రం ఉండి తీరాలి.

మా సంఘంలో పాదాలు కడిగే ఆరాధన పెట్టాలనుకుంటున్నాం. ఏర్పాట్లు ఎలా?

ముందు సమయం లెక్క వేయండి. ఒక్కరికి కుర్చీలో కూర్చోవడం దగ్గర్నుంచి లేవడం దాకా మూడు నిమిషాలు పడుతుంది. ముప్ఫై మందికి పాస్టర్ ఒక్కరే కడిగితే గంటన్నర. మొదట కదిలిన మనసులు ఇరవయ్యో మనిషి వచ్చేసరికి గడియారం చూస్తుంటాయి. అందుకే ఇద్దరిద్దరుగా ఒకరికొకరు కడుక్కునే పద్ధతి మంచిది. యోహాను 13:14 చెప్పేదీ "ఒకరి పాదాలు ఒకరు" అనే కదా. నాలుగైదు చోట్ల కుర్చీలు వేస్తే పావుగంటా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. పురుషులకు, స్త్రీలకు వేర్వేరు స్థలాలుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. భార్యాభర్తలు కలిసి చేసుకుంటామంటే చేసుకోనివ్వండి.

పాదాలను నీళ్లలో ముంచవద్దు. వెడల్పాటి బేసిన్ మీద పాదం పట్టుకుని జగ్గుతో నీళ్లు పోయండి, అలా చేస్తే ఒకరు వాడిన నీళ్లు ఇంకొకరికి తగలవు. మనిషికి లీటరు నుంచి లీటరున్నర సరిపోతుంది. మనిషికో తువాలు ఉండాలి, పైన మరో అయిదారు పెట్టుకోండి. వాడిన నీళ్లు పారబోయడానికి మూతున్న బకెట్లు, కుర్చీల కింద జారని చాపలు కావాలి. తడిసిన నున్నటి నేల మీద వయసు మళ్లినవాళ్లు పడిపోవడమే ఈ ఆరాధనలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం. కుర్చీలకు చేతులుంటే లేవడానికి పట్టు దొరుకుతుంది.

నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. షుగర్ వ్యాధి ఉన్న కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది, వేడి తెలియక కాలొచ్చు. అందుకని కడిగేవాళ్లే ముందు మోచేతితో చూడాలి. వేళ్ల మధ్య తడి ఉండిపోతే చర్మం చెడుతుంది కాబట్టి అక్కడ అద్దినట్టు తుడవాలి. పుండు గానీ కట్టు గానీ ఉంటే ఆ పాదాన్ని ముట్టుకోకండి, చేతుల మీద నీళ్లు పోయండి.

వారం ముందే ప్రకటించండి. అప్పటికప్పుడు చెబితే పాదాలు చూపించడానికి సిగ్గుపడేవాళ్లు ఆరాధన నుంచే వెళ్లిపోతారు. పాల్గొననివాళ్లను ఎందుకని అడగవద్దు. ఫొటోలు, వీడియోలు అసలు వద్దు.

నా దగ్గర ప్రత్యేకమైన వరమేమీ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

1 పేతురు 4:10-11 వరాలను రెండు రకాలుగా చెబుతుంది: బోధించడం, ఉపచారం చేయడం. రెండో రకంలో చోటు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. మూడు ఆదివారాలు ఆరాధన అయ్యాక అరగంట ఆగి చూడండి. కుర్చీలు ఎవరు సర్దుతున్నారు, మెట్లు దిగలేనివాళ్లను ఎవరు పట్టుకుంటున్నారు, కొత్తగా వచ్చినవాళ్లు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరు ఒంటరిగా వెళ్లిపోతున్నారు. ఎప్పుడూ ఆ ఇద్దరే చేస్తున్న పని ఒకటి కనబడుతుంది. వాళ్ల దగ్గరికి వెళ్లి "ఇందులో నన్నేం చేయమంటారు?" అని అడగండి, వాళ్లు చెప్పినట్టు చేయండి. మొదటి నెలలో సలహాలివ్వవద్దు. కొత్తగా వచ్చినవాళ్లు రెండో వారానికే పద్ధతులు మార్చబోవడం వల్ల పాతవాళ్లు మానుకున్న పరిచర్యలు చాలా ఉన్నాయి.

చిన్న పని, గడువున్న పని ఒప్పుకోండి. "ఏదైనా చేస్తాను" అనే మాట ఎవరికీ ఉపయోగపడదు. "మూడు నెలలపాటు రెండో ఆదివారం, నాలుగో ఆదివారం ముప్పావుగంట ముందొచ్చి తలుపులు తీస్తాను" అంటే పనికొస్తుంది.

జబ్బుపడినవాళ్లను చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు?

ఫోన్ చేసి వెళ్లండి. వద్దంటే నొచ్చుకోకండి. ఇద్దరికి మించి వెళ్లవద్దు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి, మంచం మీద కాకుండా కుర్చీలో, వాళ్లు తల తిప్పకుండా మీ ముఖం కనిపించేలా కూర్చోండి. పది పదిహేను నిమిషాలు చాలు. ఆపరేషన్ అయి ఒకటి రెండు రోజులే అయితే అయిదు నిమిషాలే ఎక్కువ.

మాటల్లోనే చాలా తప్పులు జరుగుతాయి. "మా బంధువుకీ ఇదే జబ్బు, పాపం పోయాడు" అనేది మొదటిది. మందు మానేయమనడం, మందు మార్చమనడం రెండోది, ఇది ప్రాణాలకే ముప్పు. "విశ్వాసం ఉంటే తగ్గిపోతుంది" అనేది మూడోది. తగ్గకపోతే ఆ మాట రోగి మీద నేరంలా మిగిలిపోతుంది. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు (యోబు 2:13). నోరు తెరిచాకే చెడింది.

ప్రార్థన చేయమంటారా అని అడిగి, ఒప్పుకుంటే నిమిషం రెండు నిమిషాల్లో, మామూలు గొంతుతో చేయండి. పక్క మంచంలో ఇంకొకరు నిద్రపోతుండొచ్చు. జబ్బు వివరాలు సంఘం గ్రూపులో పెట్టే ముందు వాళ్ల అనుమతి తీసుకోండి, "ప్రార్థన కోసమే" అన్నా సరే.

రోగి కంటే రోగిని చూసుకునేవాళ్లకే సాయం ఎక్కువ అవసరం, వాళ్లను మాత్రం ఎవరూ పట్టించుకోరు. "అక్కా, బుధవారం సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా నేను నాన్నగారి దగ్గర కూర్చుంటాను, మీరు కాసేపు పడుకుంటారా, బయటికి వెళ్లొస్తారా?" అని అడగండి. "ఏం కావాలన్నా చెప్పండి" అంటే మొహమాటపడి ఎవరూ చెప్పరు. ఒప్పుకున్న బుధవారం అయిదుకు అక్కడుండండి. అయిదున్నరకు వెళ్తే వాళ్ల విశ్రాంతిలో పావువంతు పోయినట్టే.

అవసరంలో ఉన్న కుటుంబానికి సంఘం డబ్బు, సరుకులు ఇస్తోంది. వాళ్ల గౌరవం పోకుండా ఎలా ఇవ్వాలి?

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఇలాంటి పంపిణీ గురించే. గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపిణీలో చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు దాన్ని కొట్టిపారేయలేదు. మంచి పేరు, ఆత్మ, జ్ఞానం ఉన్న ఏడుగుర్ని ఎంచుకోమన్నారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవాళ్ల మాటకు సంఘం ఎంత విలువ ఇచ్చిందో ఆ పేర్లు చూస్తే అర్థమవుతుంది. మీ సంఘంలో పంపిణీ చేసే కమిటీలో ఒకప్పుడు సాయం పొందినవాళ్లు ఒకరైనా ఉన్నారా అని చూసుకోండి. ఉంటే సగం పొరపాట్లు పుట్టవు.

ఇచ్చే ముందు ఏం కావాలో అడగండి. ఫీజు కట్టాల్సిన ఇంట్లో బియ్యం బస్తా దించితే దాన్ని తక్కువ ధరకు అమ్ముకోవాల్సి వస్తుంది. ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి, లేదా వాళ్లే వచ్చి తీసుకునేలా విడిగా సమయం పెట్టండి. స్టేజీ మీదికి పిలిచి ఇవ్వడం, పిల్లల చేత కృతజ్ఞతలు చెప్పించడం, సంచి పట్టుకున్న ఫొటో తీయడం మత్తయి 6:2లో యేసు వద్దన్న బూర ఊదడానికి నేటి రూపాలే. దాతలకు లెక్క చూపాలి కదా అంటారు. చూపండి, అంకెలు చూపండి. ఈ నెలలో ఎన్ని కుటుంబాలకు ఎంత వెళ్లిందో చెప్పడానికి ముఖాలు అక్కర్లేదు.

డబ్బు విషయంలో నమ్మకం ఒక్కటే చాలదు. 2 కొరింథీయులకు 8:18-21లో పౌలు చందా తీసుకెళ్లడానికి సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంటబెట్టుకుని వెళ్తున్నాడు, తన మీద ఎవరూ తప్పు మోపకుండా ఉండాలని. అపొస్తలుడికే సాక్షి అవసరమైతే మనకెందుకు వద్దు? కానుకలు లెక్కపెట్టేటప్పుడు బంధువులు కాని ఇద్దరుండాలి. అక్కడికక్కడే పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. డబ్బు ఇచ్చే నిర్ణయం చేసేవాళ్లు, చేతికిచ్చేవాళ్లు వేరుగా ఉండాలి. "నన్ను అనుమానిస్తున్నారా?" అని కోప్పడే కోశాధికారి తగ్గింపును కొంచెం పరీక్షించాల్సిందే.

పనిచేయకుండా ఎప్పుడూ సాయం అడిగేవాళ్లకూ ఇవ్వాలా?

2 థెస్సలొనీకయులకు 3:10 పని చేయనొల్లనివాళ్లు భోజనం చేయకూడదంటుంది. పని దొరకనివాళ్లు, చేయలేనివాళ్లు అందులోకి రారు. గలతీయులకు 6:2 ఒకరి భారాలు ఒకరు మోయమంటుంది, 6:5 ఎవరి బరువు వాళ్లు మోయాలంటుంది. జబ్బు, చావు, ఉద్యోగం పోవడం మొదటి రకం. రోజువారీ బాధ్యతలు రెండో రకం. తేల్చుకోలేకపోతే మొదటిసారి ప్రశ్నలు లేకుండా ఇవ్వండి. రెండోసారి కూర్చుని మాట్లాడండి. మూడోసారి డబ్బు బదులు పని వెతకడంలో గానీ అప్పు తీర్చే లెక్క వేయడంలో గానీ తోడుండండి.

మార్తను యేసు మందలించాడు కదా, మరి పనికంటే ప్రార్థనే గొప్పదా?

యేసు ఇంటికొచ్చినప్పుడు మార్త పనుల్లో పడింది, చెల్లెలు మరియ ఆయన మాటలు వింటూ కూర్చుంది. లూకా 10:40-41లో యేసు తప్పుపట్టింది మార్త వంటను కాదు, అనేకమైన పనుల గురించిన ఆ తొందరను, విచారాన్ని. తొందర ముదిరి చెల్లెలి మీద ఫిర్యాదైంది. అతిథి చేత చెల్లెలికి చెప్పించబోయింది. యోహాను 12:2లో మార్త మళ్లీ ఉపచారం చేస్తూ కనిపిస్తుంది, అక్కడ ఆమెను ఎవరూ ఒక్క మాటా అనలేదు. పనిచేస్తూ పక్కవాళ్లు ఎంత చేస్తున్నారో లెక్కపెట్టడం మొదలైందంటే కాసేపు కూర్చోవాల్సిన సమయం వచ్చిందన్నమాట.

ఎవరూ గుర్తించకపోతే బాధగా ఉంటోంది. ఇది గర్వమా?

బాధపడడం మామూలే. ఆ బాధ మిమ్మల్ని ఏం చేయిస్తోందన్నది చూసుకోండి. పని తగ్గించారా, మాటల్లో ఎత్తిపొడుస్తున్నారా, "నేను లేకపోతే తెలుస్తుంది" అని ఒక వారం కావాలని మానేశారా? అక్కడికొస్తే జాగ్రత్తపడాలి. లూకా 17:10లో దాసులు పనంతా చేసి, చేయవలసిందే చేశామంటారు. దాన్ని మన గురించి మనం చెప్పుకోవడానికి వాడాలి, ఇతరులకు కృతజ్ఞత చెప్పకుండా తప్పించుకోవడానికి వాడకూడదు. రోమీయులకు 16వ అధ్యాయంలో పౌలు ఎంతమంది పేర్లు, వాళ్లు చేసిన ఏ పనులు గుర్తుపెట్టుకుని రాశాడో చూడండి.

ఎవరికీ తెలియకుండా నెలకొక పని చేయడం మంచి సాధన. బయటికి చెప్పకూడదు, ప్రార్థన కూటంలో సాక్ష్యంగా కూడా. ఎవరైనా మెచ్చుకుంటే "సంతోషమండీ" అని ఊరుకోండి. "నాదేం లేదు, అంతా ప్రభువే" అని అయిదు నిమిషాలు వివరిస్తే మెచ్చుకోలు ఇంకాస్త సాగుతుంది, అంతే.

అవమానాలు, దెబ్బలు భరిస్తూ ఊరుకోవడం తగ్గింపేనా?

ప్రధానయాజకుడి దగ్గర బంట్రోతు చెంపమీద కొట్టినప్పుడు, నేను తప్పు మాట్లాడి ఉంటే చూపించు, లేకపోతే ఎందుకు కొడతావని యేసు అడిగాడు (యోహాను 18:22-23). ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి జైల్లో వేసి, తర్వాత రహస్యంగా పంపేస్తామంటే పౌలు ఒప్పుకోలేదు. న్యాయాధిపతులే వచ్చి బయటికి తీసుకెళ్లాలన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). పగ తీర్చుకోకపోవడం వేరు, తప్పును తప్పనకపోవడం వేరు.

ఇంట్లో కొట్టే మనిషి దగ్గరికి "తగ్గించుకుని వెళ్లమ్మా" అని తిప్పి పంపే సలహా ప్రమాదకరం. ముందు ఆమె, పిల్లలు క్షేమంగా ఉండే చోటు చూడాలి. గాయాలుంటే వైద్యం, తర్వాత చట్టపరమైన సాయం. రాజీ మాటలు ఆ తర్వాతే, అవతలివాళ్లు మారినట్టు పనుల్లో కనబడితేనే. పిల్లలకు హాని జరిగినట్టు తెలిస్తే సంఘంలోనే సర్దుకుందామనకుండా అధికారులకు చెప్పాలి.

పరిచర్యలో అలసిపోయాను. మానేస్తే పాపమా?

1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానంటే దూత అతనికి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. మార్కు 6:31లో శిష్యులకు తినడానికి తీరిక లేకపోతే యేసు విశ్రాంతికి పిలిచాడు. జనం అక్కడికీ వచ్చేశారు, ఆయన కనికరపడి బోధించాడు, భోజనం పెట్టాడు. ఆ తర్వాత శిష్యుల్ని పడవెక్కించి, జనాన్ని పంపేసి, కొండెక్కాడు. విశ్రాంతి ఆలస్యమైంది గానీ రద్దు కాలేదు.

చిన్న విషయాలకే కోపం రావడం, సంఘం నుంచి ఫోన్ వస్తే గుండె ఝల్లుమనడం, నిద్ర చెడడం, సాయం అడిగినవాళ్ల మీదే విసుగు పుట్టడం అలసటకు గుర్తులు. వీటిలో రెండు మూడు నెలరోజులు కొనసాగితే పని తగ్గించండి, అవసరమైతే వైద్యుల్ని కలవండి. నిర్గమకాండం 18లో మోషే మామ యిత్రో మోషేతో నువ్వూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారని చెప్పి వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దల్ని పెట్టించాడు. అన్నీ నేనే చూసుకోవాలనే పట్టుదలలో కొంత ప్రేమ, కొంత గర్వం కలగలిసి ఉంటాయి.

ఇంట్లో వాళ్లు "నీకు సంఘమే ఎక్కువ" అంటున్నారు.

విని ఆలోచించాల్సిన మాటే. మార్కు 7:11-13లో తల్లిదండ్రులకు ఇవ్వాల్సినది కొర్బాను, అంటే దేవార్పితం అని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసు గట్టిగానే అన్నాడు. బయట పదిమందికి వడ్డించి, ఇంట్లో తాగిన గ్లాసు కూడా ఎత్తనివాళ్ల సాక్ష్యం ఇంటివాళ్లకు తెలుసు. వారంలో సంఘానికి ఎన్ని గంటలు ఇస్తున్నారో కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు చూపించి, ఎంత తగ్గించమంటారో వాళ్లనే అడగండి.

సంఘ పెద్దల్లో తగ్గింపు ఎలా తెలుస్తుంది?

ప్రసంగంలో తెలియదు. లెక్కలు అడిగినప్పుడు, వాళ్ల ఆలోచన ఓడిపోయినప్పుడు, తమకంటే చిన్నవాళ్లు తప్పు చూపినప్పుడు తెలుస్తుంది. 1 పేతురు 5:3 మంద మీద ప్రభువులైనట్టుండవద్దంటుంది. 6వ శతాబ్దంలో బెనెడిక్టు అనే సన్యాసి క్రైస్తవ మఠాలకు రాసిన నియమావళి దీన్ని రోజువారీ క్రమంలో పెట్టింది. వంటగది సేవ వారం చొప్పున వంతులవారీగా చేయాలి, జబ్బుకో ముఖ్యమైన పనికో తప్ప మినహాయింపు లేదు. శనివారం దిగిపోయేవాళ్లు తువాళ్లు ఉతికి, గిన్నెలు శుభ్రంగా అప్పజెప్పాలి. దిగిపోయేవాళ్లూ, కొత్తగా ఎక్కేవాళ్లూ కలిసి అందరి పాదాలు కడగాలి. సణగకుండా పనిచేయడానికి వడ్డించేవాళ్లకు భోజనానికి గంట ముందు అదనంగా కాస్త రొట్టె, పానీయం ఇవ్వాలని కూడా ఉంది. ఆకలితో ఉన్న మనిషి నుంచి ఓపిక ఆశించకూడదని ఆయనకు తెలుసు.

సాయం తీసుకోవాలంటే నాకు చిన్నతనంగా ఉంటుంది.

పేతురుకూ అలాగే అనిపించింది: నా పాదాలు నువ్వెన్నడూ కడగకూడదన్నాడు. కడగకపోతే నాతో నీకు పాలు (భాగం) లేదని యేసు జవాబు (యోహాను 13:8). ఇవ్వడమే తప్ప తీసుకోవడం తెలియనివాళ్లు అందరికంటే ఒక మెట్టు పైనే ఉండిపోతారు. అడిగేటప్పుడు స్పష్టంగా, కాదనే వీలుంచి అడగండి: "గురువారం ఆసుపత్రికి తోడు రాగలరా? కుదరకపోతే ఇంకొకరిని అడుగుతాను."

చాలా ఏళ్లుగా చేస్తున్న పరిచర్యను ఇంకొకరికి అప్పగించాలి. ఎలా?

రెండు మూడు నెలలు తీసుకోండి. మొదటి నెల మీరు చేస్తుంటే వాళ్లు చూడాలి, రెండో నెల వాళ్లు చేస్తుంటే మీరు పక్కనుండాలి, మూడో నెల మీరు ఫోన్‌లో మాత్రమే దొరకాలి. తాళాలు ఎన్ని, ఎవరి దగ్గర ఉన్నాయి, సరుకు ఎక్కడ కొంటారు, ఎవరికి ఎంత బాకీ, ఏ ఇంటికి ఏ రోజు వెళ్లాలి, ఎవరికి ఏది పడదు అన్నీ ఒక పుస్తకంలో రాసి ఇవ్వండి. మీరు దిగిపోతున్నట్టు సంఘం ముందు చెప్పి, ఇకమీదట ఎవర్ని అడగాలో పేరు చెప్పండి. ఆ తర్వాత ఎవరైనా మీ దగ్గరికొచ్చి "మీరున్నప్పుడే బాగుండేది" అంటే, వాళ్లను కొత్త మనిషి దగ్గరికే పంపండి. వాళ్లు వేరే పద్ధతిలో చేస్తారు, కొన్ని మీకంటే బాగా, కొన్ని అధ్వానంగా. అడిగితే తప్ప చెప్పకండి.